పదకొండు దగ్గర మెట్టు

మా అత్తయ్యని ఒకసారి ల్యాబ్‌కి తీసుకురమ్మని పెద్దాయన అన్నప్పుడు, ఆవిడేం తప్పు చేసిందండీ అని అడిగాను.

"చెయ్యదనే రమ్మంటున్నాను," అన్నాడాయన.

పెద్దాయనంటే మా ప్రొఫెసర్. వయసులో పెద్ద, పేరులో పెద్ద, అనుమానంలో అంతకన్నా పెద్ద. కొన్నేళ్ల కిందట ఆయన ఓ గొప్ప సంగతి కనిపెట్టానని ఊరూ వాడా చాటాడు. ఏడాది తిరక్కుండానే అది ఆయన కోరికే తప్ప పరమాణువులకి ఆ సంగతే తెలియదని తేలి, పరువు కాస్తా బజారున పడింది. అప్పట్నుంచి ల్యాబ్‌లో ఎవర్నీ నమ్మడు. తనని తాను అసలే నమ్మడు.

మేం చేసే పని చెప్తే జనం నవ్వుతారు. ఒక స్టీలు డబ్బాలోంచి గాలంతా పీకేసి, అందులో పిసరంత లిథియం ఆవిరిని లేజర్లతో పట్టి వేలాడదీసి చల్లబరుస్తాం. ఎంత చల్లగా అంటే, నక్షత్రాల మధ్య ఉండే చలి దీని ముందు ఉడుకు నీళ్ల కింద లెక్క. చివరికి మిగిలేది వెంట్రుకంత సన్నటి మబ్బు. ఆ మబ్బులోని పరమాణువులు ఫెర్మియాన్ల జాతి, మహా పొగరుబోతులు. ఒకడు కూర్చున్న చోట అచ్చం వాడిలాంటివాణ్ని ఇంకొకణ్ని కూర్చోనివ్వరు. అలాంటివాటిని రెండు రకాలుగా విడగొట్టి, అయస్కాంతం సరిగ్గా సర్ది, ఇంకాస్త చల్లబరిస్తే, ఈ రకానిదొకటి ఆ రకానిదొకటి జత కడతాయి. జత కట్టాక పొగరంతా దిగిపోయి మబ్బు మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది. రాపిడన్నది ఉండదు. మెల్లగా తోస్తే దారిచ్చి, ఏమీ జరగనట్టు మళ్లీ మూసుకుంటుంది. దాన్ని సూపర్‌ఫ్లూయిడ్ అంటారు.

ఇక్కడిదాకా చెప్పేసరికి వినేవాళ్లందరికీ పెళ్లి గుర్తొస్తుంది. మీరు దయచేసి గుర్తు చేసుకోకండి. నేను పెళ్లయినదాన్ని. రాపిడి సంగతి నాకు తెలుసు.

నా పనల్లా ఆ మబ్బుని కుదపడం. రెండు లేజర్ కిరణాల్ని దాని మీద కలుపుతాం. ఆ రెండింటి ఫ్రీక్వెన్సీకి మధ్య తేడా ఎంతుంటే కుదుపు అంత గట్టిది. తక్కువ కుదుపుకి మబ్బు లొంగదు, మహా అయితే లోపల చిన్న శబ్దపు అల ఒకటి పోతుంది. పెంచుకుంటూ పోతే ఒక చోట ఉన్నట్టుండి జతలు తెగుతాయి, మబ్బు వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బిందో లేదో చూడటానికి ఫొటో తీస్తాం. ఫొటో తీస్తే మబ్బు చచ్చిపోతుంది. మళ్లీ కొత్తది పుట్టించి, మళ్లీ కుదిపి, మళ్లీ చంపుతాం. రోజంతా ఇదే. గ్రాఫు గీస్తే జతలు తెగే చోట మెట్టులా లేస్తుంది. ఆ మెట్టు ఎన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఉందో చెప్పాలి.

పదకొండు దగ్గర ఉంటుందని ఒకాయన కాగితం మీద లెక్క కట్టాడు. కాదు, తొమ్మిది దగ్గర అని వేరే చోటి పోటీ ముఠా ఒకటి. పదకొండు అన్నాయన మా ఆయన.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన పై అంతస్తులో కూర్చుని సిద్ధాంతాలు రాస్తాడు. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే బాపతు. ఈ పదకొండు నిజమైతే కుర్చీ ఖాయం చేస్తామన్నారు. తొమ్మిదైతే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. లెక్క మొగుడిది, కొలత పెళ్లానిది. కాఫీ మిషన్ దగ్గర గుసగుసలకి ఇంతకన్నా ఏం కావాలి? మెట్టు ఎక్కడున్నా అది మొగుడి దగ్గరే కనపడుతుందిలే అని ఒకరు, ఇంట్లో గొడవైన రోజు తొమ్మిదికి దిగుతుందని ఇంకొకరు. నాకు ఒళ్లు మండేది. మా ఆయన లెక్క గెలవాలని నాకు లేదా? ఉంది. ప్రాణం పెట్టి ఉంది. అందుకే నన్ను నేను కూడా నమ్ముకోలేకపోయాను.

అప్పుడు పెద్దాయన గుట్టుపెట్టె తీశాడు.

గుట్టుపెట్టె మా ల్యాబ్ ఆచారం. చిన్న ఇనప పెట్టె, లోపల ఒక నాబ్, దాని చుట్టూ సున్నా నుంచి అయిదు దాకా అంకెలు. నేను కంప్యూటర్లో కొట్టే ఫ్రీక్వెన్సీ నేరుగా లేజర్‌కి పోదు. దారిలో ఈ పెట్టె ఆ నాబ్ మీదున్న అంకెని అందులోంచి తీసేసి పంపుతుంది. నేను పదకొండు కొడితే, నాబ్ రెండు మీదుంటే, మబ్బుకి తగిలేది తొమ్మిదే. నాబ్ ఎక్కడుందో మాకెవరికీ తెలియకూడదు. అంతా అయిపోయాక అందరి ముందూ పెట్టె తెరిచి, చూసి, తీసివేత చేసుకోవడమే. అప్పటిదాకా ఎవరి కోరికకీ పట్టు దొరకదు. దానికి తోడు ఇంకో నియమం ఉంది. ఏ రోజు కొలతల్ని ఆ రోజువిగా విడదీసి చూడకూడదు. అన్నీ కలిపి సగటు వెయ్యాల్సిందే. విడదీసి చూడనిస్తే ఎవరికి నచ్చిన రోజుల్ని వాళ్లు ఏరుకుంటారని పెద్దాయన భయం.

మరి నాబ్ తిప్పి తాళం వేసేదెవరు? మా లెక్కల గురించి తెలియని మనిషి కావాలి, పైగా నోరు కట్టుకునే మనిషి కావాలి.

మా అత్తయ్య పరీక్షల బోర్డులో ప్రశ్నపత్రాల గది తాళాలు చూసే ఉద్యోగం చేసి రిటైరైంది. నోట్లో నువ్వుగింజ నానని జనం మధ్య, ఆవిడ నోట్లో బస్తాడు నువ్వులు పోసినా ఒక్క గింజ బయటికి రాదు. సొంత కొడుకు లెక్కల పరీక్ష ముందు సాయంత్రం కాళ్లు పట్టుకుని, ఒక్క ప్రశ్న, ఒకే ఒక్కటి చెప్పమ్మా అని ఏడిస్తే, "చదువుకో నాన్నా" అని వేడి పాలు ఇచ్చి పోయి పడుకుందట. మా ఆయన తప్పాడు. లెక్కల్లోనే. ఏడాది పోయింది. ఇప్పుడు ఆ లెక్కలే కూడు పెడుతున్నా ఆ కథ వారానికోసారి భోజనాల దగ్గర తిరగమోత పెడతాడు. ఆవిడ ఒక్క ముక్క తిరిగి అనదు. లేచి వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది.

"లెక్క కట్టినాయన తల్లినే కాపలా పెట్టడమేంటని ఎవరైనా అంటే?" అని అడిగాను పెద్దాయన్ని.

"కొడుక్కే చెప్పని మనిషి. ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?" అన్నాడు.

ఆవిడ వచ్చిన రోజు కంట్రోల్ రూంలో పెద్దాయన, మా ఆయన, నేను ముగ్గురం బడిలో శిక్ష పడిన పిల్లల్లా గోడకేసి తిరిగి నిలబడ్డాం. "మీకు తోచినట్టు తిప్పి తాళం వెయ్యండమ్మా," అన్నాడు పెద్దాయన గోడతో. కాసేపు చప్పుడు లేదు. తర్వాత తాళం పడింది. తాళంచెవి ఆవిడ కళ్లజోడు పెట్టెలోకి, కళ్లజోడు పెట్టె హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లిపోయాయి. అయ్యాక మేం తిరిగి చూశాం. ఆవిడ మొహంలో ఏమీ లేదు. ముప్పై ఏళ్లు ఆ మొహమే పెట్టుకుని జీతం తీసుకుంది.

కొలతలు మొదలుపెట్టాను. మబ్బులు పుడుతున్నాయి, చస్తున్నాయి. అత్తయ్య రోజూ మధ్యాహ్నం మా ఇద్దరికీ క్యారేజీ తెచ్చి కంట్రోల్ రూంలో బల్ల మీద పెట్టి పోతోంది. మేం కింద లేజర్ గదిలో ఉంటే తలుపు దగ్గరగా వేసి వెళ్లేది. నాలుగు వారాలకి సగటు గ్రాఫులో మెట్టు తేలింది. కొట్టిన అంకె పదకొండు దగ్గర. నిట్టనిలువుగా, గీత గీసినట్టు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. చెప్పకూడదన్న నియమమేం లేదు, అసలు అంకె నాకూ తెలియదు కదా.

"పదకొండా!" అని తల పట్టుకున్నాడు.

"నీ అంకేగా, సంతోషించు."

"ఎలా సంతోషించను? అమ్మ ఏదో ఒకటి పెట్టే ఉంటుంది కదా? ఒకటో, రెండో, నాలుగో. పదకొండులోంచి అది తీసెయ్యాలి కదా? తీసేస్తే ఇక నాదెక్కడ? రెండు పెట్టిందనుకో, సరిగ్గా తొమ్మిది. వాళ్లది!"

"అది పెట్టె తెరిచాక చూద్దాం. ఆలోపు అన్నం తిను."

"పన్నెండు దగ్గరుంటే ఆశ ఉండేది. పదమూడు, పద్నాలుగు, ఎక్కడున్నా ఆశ ఉండేది. పదకొండు దగ్గర ఆగిందంటే కొంప మునిగినట్టే. నా ఖర్మ కాకపోతే పదకొండు దగ్గరే ఆగాలా?"

లోకంలో తన అంకె కళ్లెదుట కనపడితే ఏడ్చిన మొదటి మనిషి మా ఆయనే అయ్యుంటాడు. అతి తెలివి అంటే అదే. అత్తయ్య గరిటె పట్టుకున్న చెయ్యి గిన్నె మీద కాసేపు ఆగింది. తర్వాత వడ్డించి, లేచి, గిన్నెలు కడగడానికి వెళ్లింది.

ఇంకో నాలుగు వారాలు గడిచేసరికి సగటు గ్రాఫులో వింత మొదలైంది. పదకొండు దగ్గర మెట్టు సగానికి కుంగింది. పద్నాలుగు దగ్గర ఇంకో మెట్టు మొలిచింది. ఒకటి కాదు, రెండు మెట్లు! నేను అయస్కాంతం చూశాను, లేజర్లు చూశాను, పంపులు చూశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. రోజులు విడదీసి చూస్తానండీ అని పెద్దాయన్ని అడిగితే, పాత పరువు గుర్తొచ్చి ఆయన మొహం నల్లబడింది. "నియమం నియమమే," అన్నాడు. కానీ పోతూ పోతూ ఆ గ్రాఫు కాపీ ఒకటి మడిచి సంతోషంగా జేబులో పెట్టుకున్నాడు. రెండు మెట్లంటే ఇంతవరకూ ఎవరూ చూడని కొత్త చలనం.

మా ఆయన సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒక్క శని ఆదివారాల్లో సిద్ధాంతం తయారు. జతలు ఒక్కసారిగా తెగవట. మొదటి మెట్టు దగ్గర అలుగుతాయట, రెండో మెట్టు దగ్గర విడిపోతాయట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ చలనానికి 'అలక' అని పేరు కూడా పెట్టేశాడు. సమీకరణాలు అందంగా ఉన్నాయి. ఆ మాట నిజం. అంతటితో ఆగితే బాగుండేది. లోకమంతా చదివే చోట వ్యాసం పెట్టి, మొదటి పేజీలోనే, "ఒకే మెట్టు పదకొండు దగ్గర ఉంటుందని ఇదే రచయిత గతంలో కట్టిన లెక్క పసితనపు లెక్క" అని తనని తానే చెప్పుతో కొట్టుకున్నాడు.

కానీ మనిషి నవ్వుతున్నాడు. పొద్దున్నే లేస్తున్నాడు, స్నానాల గదిలో పాడుతున్నాడు, నా కాఫీ కూడా తనే కలుపుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. నాకు కడుపు నిండిపోయింది. లోపల ఒక మూల మాత్రం గీకుతూనే ఉంది. నేను అన్ని మబ్బుల్ని చూసినదాన్ని. అవి అలిగే రకం కాదు.

పెట్టె తెరిచే రోజు వచ్చింది. మా ఆయన కుర్చీ సంగతి తేల్చడానికి పైనుంచి ఒక పరిశీలకురాలు దిగింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మీటింగ్ గదిలో మా ఆయన బోర్డు నిండా సమీకరణాలు నింపుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా నిలబడ్డాడు. అత్తయ్య రావాలి, తాళం తియ్యాలి.

అత్తయ్య రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్.

"తాళంచెవి కనపడట్లేదు అమ్మాయ్."

"కళ్లజోడు పెట్టెలో ఉంటుంది అత్తయ్యా."

"అందులోనే ఉంది," అంది. అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు. ఒక్క నిమిషం కూడా మొయ్యలేకపోయింది.

పక్కన కూర్చున్నాను. ఆవిడ నావైపు చూడకుండా మెట్టు అంచుని వేలితో తుడుస్తోంది.

"ఆ నాబ్ నేను మధ్యలో తిప్పాను."

"ఎప్పుడు?"

"వాడు పదకొండు, పదకొండు అని ఏడ్చాడే, ఆ మర్నాడు. క్యారేజీ పెట్టడానికి వచ్చినప్పుడు. పదకొండు దగ్గరుంటే కొంప మునుగుతుందన్నాడుగా. కాస్త జరిపితే పోతుందనుకున్నా. పెట్టెలో ఎంతుందో చెప్పకూడదన్నారు, చెప్పలేదు. నోరు విప్పలేదమ్మాయ్, చెయ్యే కదిపాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాతవీ కొత్తవీ కలిపి సగటు వేశాం. ముందు ఒక చోట, తర్వాత ఇంకో చోట. అదే రెండు మెట్లు. మా ఆయన ప్రకృతి రహస్యం అనుకుని సమీకరణాలు కట్టింది వాళ్లమ్మ చేతివాటానికి.

"ఎందుకు చేశారు అత్తయ్యా? ముప్పై ఏళ్లు ఒక్కసారి కూడా..."

"అందుకే," అంది. "ఆ రోజు ఒక్క ప్రశ్న చెప్పమని వాడు ఎంత ఏడ్చాడో నీకు తెలీదు. చెప్పలేదు. నేను చేసింది కరెక్టే. ఇప్పటికీ కరెక్టే అంటాను. కానీ వాడు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. మళ్లీ వాడు అలా ఏడుస్తుంటే ఈసారైనా ఏదో ఒకటి చేద్దామనుకున్నా. ఎవరికీ నష్టం లేదనుకున్నా." కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు చూడు, వాడెంత సంతోషంగా ఉన్నాడో. ఒక్క క్షణం ఆగు. ఆ గదిలోకి ముందుగా వెళ్లి మొదట ఎక్కడుందో అక్కడికే తిప్పేస్తాను. ఇంక ఎవరికీ తెలీదు. మొదట అది ఎక్కడుందంటే..."

"అంకె చెప్పకండి!" అని రెండు చెవులూ మూసుకున్నాను. కొంప అంటుకుంటున్నా ల్యాబ్ నియమం పోనిచ్చేదాన్ని కాదు నేను.

చెవులు మూసుకునే ఆలోచించాను. నిజం చెప్తున్నా, తిప్పమని అనబోయాను. నాబ్ వెనక్కి తిరిగితే రెండు మెట్లూ నిలబడతాయి, అలక నిలబడుతుంది, మా ఆయన కుర్చీ నిలబడుతుంది, పెద్దాయన పరువు లేచి కూర్చుంటుంది, ఈవిడ కన్నీళ్లు ఆగుతాయి. నష్టపోయేది మబ్బు ఒక్కటే. దానికి నోరు లేదు. కానీ దాని తరఫున మాట్లాడమని నాకు జీతమిస్తున్నారు. అన్ని వేల మబ్బుల్ని పుట్టించి చంపింది వాటిచేత దొంగసాక్ష్యం చెప్పించడానికా? మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మా ఆయన నవ్వు నా చేత్తో తుడిచెయ్యడం నాకిష్టం లేదు. అస్సలు లేదు.

"తిప్పద్దు," అన్నాను. "పదండి. నేను చెప్తాను."

"వాడి ఉద్యోగం?"

"పదండి అత్తయ్యా."

పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. అత్తయ్య తాళం తీసింది. పెద్దాయన వంగి చూసి, "మూడు!" అని అరిచాడు. "పదకొండులోంచి మూడు, ఎనిమిది. పద్నాలుగులోంచి మూడు, పదకొండు. మెట్లు ఎనిమిది దగ్గరా, పదకొండు దగ్గరా!"

మా ఆయన కళ్లు మూసుకున్నాడు, పెదాలు కదిలించాడు, తెరిచాడు. "కరెక్ట్. ఎనిమిది, పదకొండు. అలక సిద్ధాంతానికి ఇది ఇంకా బాగా సరిపోతుంది," అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనుషుల్ని చూశాను గానీ, కుందేలు మారినప్పుడల్లా కాళ్లు సరిపోయాయనే మనిషిని ఇతన్నే చూశాను.

లేచి నిలబడ్డాను. "ఆ నాబ్ మధ్యలో కదిలింది సార్. సగం కొలతలు ఒక అంకె మీద తీశాం, సగం ఇంకో అంకె మీద. ఉన్నది ఒకటే మెట్టు. అలక లేదు."

మా ఆయన నావైపు చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను.

"ఎవరు కదిపారు?" అన్నాడు పెద్దాయన.

"నేనే," అంది అత్తయ్య, కొడుకువైపు చూస్తూ. "పదకొండు దగ్గరుంటే నీ కొంప మునుగుతుందని నువ్వేగా ఏడ్చావు నాన్నా. జరిపాను."

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "పోనీ, మొదట ఎంత మీద పెట్టారమ్మా?"

"నేనేం పెట్టలేదు. మీరిచ్చినప్పుడు సున్నా మీదుంది. ఖరీదైన సామాను, తిప్పితే పాడవుతుందేమోనని ముట్టుకోలేదు. తాళం మాత్రం వేశా. నాకు తాళం వెయ్యడమే అలవాటు, లోపలున్నదాన్ని ముట్టుకోవడం కాదు."

పదకొండులోంచి సున్నా. పద్నాలుగులోంచి మూడు. బడిపిల్లలు చేసే తీసివేతలు. ఆ గదిలో ఉన్న అంత చదువుకీ అవి చెయ్యడానికి చాలాసేపు పట్టింది. ముందు చేసింది పరిశీలకురాలే.

"రెండూ పదకొండే," అంది.

మొదటి సగం పదకొండు. రెండో సగం పదకొండు. ఒకటే మెట్టు, మా ఆయన మొదట చెప్పిన చోటే, పసితనపు లెక్క అని లోకానికి చాటి తీసి పారేసిన చోటే. మొదటి రోజునుంచీ నిజం కంప్యూటర్ తెర మీద బట్టలు కూడా కట్టుకోకుండా నిలబడి ఉంటే, అంత తేలిగ్గా కనపడేది నిజమెలా అవుతుందని మేమే మొహం తిప్పుకున్నాం.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. కానీ పరిశీలకురాలు చెయ్యెత్తింది.

"ఒక్క మాట. ఈవిడ ఆయన తల్లి. నాబ్ ఒకసారి తిప్పానంటున్నారు. ఒకసారే తిప్పారని ఏంటి నమ్మకం? ఇవాళ పొద్దున్నే కొడుక్కి అనుకూలంగా మూడు మీదికి తెచ్చి ఉండొచ్చు కదా? ఈవిడ మాట తప్ప మీ దగ్గర ఇంకేం ఉంది?"

ఏమీ లేదు. మెట్ల మీద జరిగింది నేను చెప్పొచ్చు. కానీ నేను పెళ్లాన్ని. నా మాటకి ఆ గదిలో విలువెంతో కాఫీ మిషన్‌ని అడిగితే చెప్తుంది. అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్ పట్టీని నలుపుతూ నిలబడింది. ముప్పై ఏళ్లలో ఆవిడ మాట నమ్మమని ఆవిడెవర్నీ అడగాల్సిన అవసరం రాలేదు.

మా ఆయన డస్టర్ తీసుకున్నాడు. బోర్డు మీద అలకని పైనుంచి కిందికి తుడవడం మొదలుపెట్టాడు. అంత అందమైన సమీకరణాలు. తుడుస్తూనే మాట్లాడాడు.

"మేడమ్, పెద్ద పరీక్షలప్పుడు ప్రశ్నపత్రాలు ఈవిడ తాళం కిందే ఉండేవి. నేను కాళ్లు పట్టుకున్నాను. ఒక్క ప్రశ్న చెప్పమన్నాను. చెప్పలేదు. నేను లెక్కల్లో తప్పాను." డస్టర్ ఆగింది. "ఏడాదిపాటు నేను మాట్లాడలేదు. ఒక్క అబద్ధం ఆడి ఉంటే, నాకు పేపర్లు కనపడలేదురా అని అని ఉంటే, నేను మాట్లాడేవాణ్ని. అది కూడా ఆడలేదు. చూశాను, చెప్పను అంది. ఈవిడ ఒకసారి తిప్పానంటే ఒకసారే. నా ఉద్యోగం దీనిమీద ఆధారపడి ఉందని కాదు. దీనిమీద ఇంకేం ఆధారపడి ఉన్నా ఇదే చెప్తాను."

అత్తయ్య మొహంలో ముప్పై ఏళ్ల తాళం ఊడిపోయింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

పరిశీలకురాలు చాలాసేపు బోర్డు వైపు చూసింది, అక్కడ చూడటానికి ఏమీ లేకపోయినా. "కొలతలన్నీ మొదట్నుంచీ మళ్లీ తియ్యండి," అంది చివరికి. "అప్పటిదాకా ఆయన కుర్చీ ఎక్కడికీ పోదు."

వాయిదా. మా వృత్తిలో దాన్ని గెలుపు కిందే లెక్కేస్తారు.

"తియ్యచ్చు," అన్నాడు పెద్దాయన నీరసంగా. "మరి తాళంచెవి ఎవరి దగ్గర పెట్టాలి? సాయం చెయ్యని మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

"మా అమ్మ," అన్నాడు మా ఆయన.

"మళ్లీనా?"

"జన్మలో ఒక్కసారే సాయం చేసింది సార్. ఏమైందో చూశారుగా. ఇంక చెయ్యదు."

పరిశీలకురాలు నవ్వడం అప్పుడే చూశాను.

సోమవారం మళ్లీ అందరం గోడకేసి తిరిగి నిలబడ్డాం. పెద్దాయన, నేను, నా పక్కన మా ఆయన. ఈసారి మా వెనక నాబ్ టిక్కు టిక్కుమంటూ తిరుగుతున్న చప్పుడు గట్టిగా వినపడింది. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. ఎవరూ లెక్కపెట్టకుండా ఉండటానికే ఆవిడ అలా తిప్పుతోంది. తర్వాత తాళం పడింది.

"నాన్నా," అంది అత్తయ్య వెనకనుంచి. "ఈసారి నువ్వు కాళ్లు పట్టుకున్నా చెప్పను. ఏడ్చినా తిప్పను."

"తెలుసమ్మా," అన్నాడు మా ఆయన గోడతో.

గోడ మీంచి కళ్లు తిప్పకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆయనవైపు చూడలేదు. చెయ్యి పట్టుకున్నాను.